తిరిగొచ్చే వెలుగును పట్టేదెవరు? – సైన్సు ప్రశ్నలు, జవాబులు

గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో లేజర్‌తో దూరం నుంచే ఎలా కొలుస్తారో పోయిన సంచికలో రాశాను. చదవనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఆ వాయువు పీల్చుకునే రంగులో ఒక లేజర్ పల్సు, ఆ వెంటనే అది పీల్చుకోని పక్క రంగులో ఇంకో పల్సు పంపిస్తారు. రెండూ కంటికి కనపడని పరారుణ రంగులే. నేలకి తగిలి తిరిగొచ్చాక మొదటిది రెండోదానికన్నా ఎంత తగ్గిందో చూస్తే దారిలో ఎంత వాయువు ఉందో తేలుతుంది. దీనిమీద శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చాలా ప్రశ్నలు వచ్చాయి, ఎక్కువమంది లేజర్ గురించే అడిగారు. నన్నడిగితే అసలు కష్టమంతా తిరిగొచ్చే వెలుగును పట్టే డిటెక్టర్ దగ్గరే ఉంది. ఏ రంగు లేజర్ వాడాలన్నది కూడా చాలాసార్లు డిటెక్టరే తేల్చింది. అందుకే ఈసారి ఆ ప్రశ్నలే ఎక్కువ తీసుకున్నాను.

ప్రశ్న: మా ఫోన్‌లో 50 మెగాపిక్సెల్ కెమెరా ఉంది సార్. అలాంటి సెన్సర్ ఒకటి ఉపగ్రహంలో పెడితే ఆ లేజర్ వెలుగు కనపడదా? వేరే డిటెక్టర్లు ఎందుకు?
– బీఎస్సీ విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: కనపడదు తమ్ముడూ. 500 మెగాపిక్సెళ్లున్నా కనపడదు. ఫోన్ కెమెరా సెన్సర్‌ని సిలికాన్‌తో చేస్తారు. సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు బంధాల్లో ఇరుక్కుని ఉంటాయి, ఒకదాన్ని విడిపించి కరెంటుగా పారించాలంటే 1.12 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. బ్యాండ్ గ్యాప్ అని మీరు చదువుకునేది ఇదే. వచ్చిన ఫోటాన్‌కి, అంటే వెలుగు రేణువుకి, అంత శక్తి ఉంటే ఎలక్ట్రాన్ లేస్తుంది. లేకపోతే ఆ ఫోటాన్ సిలికాన్‌లోంచి అవతలికి వెళ్లిపోతుంది. కోట్ల కొద్దీ ఫోటాన్లు కుమ్మరించినా విడివిడిగా ఒక్కొక్కదానికి చాలినంత శక్తి లేకపోతే ఏమీ జరగదు.

లెక్క తేలికే. రంగును తెలిపే తరంగదైర్ఘ్యాన్ని మైక్రాన్లలో (మీటరులో పది లక్షల వంతుల్లో) తీసుకుని, దాంతో 1.24ని భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. సిలికాన్‌కి 1.12 కావాలి కాబట్టి అది 1.1 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ చెప్పుకోదగ్గట్టు పీల్చుకునే రంగులు అంతకు అవతలే ఉన్నాయి: 1.57 మైక్రాన్ల దగ్గర కొంచెం, 2.05 దగ్గర ఇంకాస్త, 4.3 దగ్గర, 15 దగ్గర చాలా గట్టిగా. వాటి ఫోటాన్ల శక్తి లెక్కేస్తే 1.57కి 0.79, 2.05కి 0.60, 4.3కి 0.29 వస్తుంది. అంటే గ్యాప్ ఇంకా చిన్నగా ఉన్న అర్ధవాహకాలు (సెమీకండక్టర్లు) వెతుక్కోవాలన్నమాట.

ఇంట్లోనే ఒక పరీక్ష చేసి చూడండి. గదిలో లైటు ఆపి టీవీ రిమోట్‌ని ఫోన్ ముందు కెమెరా వైపు పెట్టి బటన్ నొక్కితే చాలా ఫోన్లలో రిమోట్ కొసన వెలుగు మిణుకుమంటుంది. అది 0.94 మైక్రాన్ల పరారుణం, మన కంటికి అందదు, సిలికాన్‌కి అందుతుంది. వెనక కెమెరాకి ఫిల్టర్ ఉంటుంది కాబట్టి అందులో కనపడకపోవచ్చు.

సిలికాన్ తర్వాత వరసలో జెర్మేనియం ఉంది, దాని గ్యాప్ 0.66. ఇండియం గాలియం ఆర్సెనైడ్ అనే మిశ్రమం 1.7 మైక్రాన్ల దాకా చూస్తుంది. లెడ్ సల్ఫైడ్ దాదాపు 3 మైక్రాన్ల దాకా, చల్లబరిచిన ఇండియం ఆంటిమొనైడ్ 5.5 దాకా. లెడ్ సల్ఫైడ్ అంటే మన పల్నాడులో అగ్నిగుండాల వైపు తవ్విన సీసపు ఖనిజమే, గెలీనా. ఆ గెలీనా స్ఫటికంతో తరంగాలను పట్టే డిటెక్టర్‌కి జగదీశ్ చంద్ర బోస్‌కి 1904లోనే అమెరికా పేటెంటు వచ్చింది. అర్ధవాహకం అన్న మాట జనంలో నలగకముందే ఒక భారతీయుడు ఆ పని చేసి చూపించాడు. డిటెక్టర్ల చరిత్ర చెప్పేవాళ్లు ఆ పేరు చెప్పకుండా దాటేస్తే నాకు బాధేస్తుంది.

ప్రశ్న: మాస్టారూ, 400 కిలోమీటర్ల ఎత్తునుంచి వెలుగు కిందికొచ్చి మళ్లీ పైకెళ్తే అందులో ఎంత మిగులుతుంది? పదో తరగతి పిల్లలకి లెక్కగా ఇద్దామని ఉంది.
– గణితం టీచర్, నరసన్నపేట

జవాబు: తప్పకుండా ఇవ్వండి, ఇంత మంచి లెక్క దొరకదు. 1.57 మైక్రాన్ల రంగులో 1 మిల్లీజౌల్ పల్సు అనుకుందాం. ఒక్కో ఫోటాన్ శక్తి 0.79 ఎలక్ట్రాన్ వోల్టులు, ఆ లెక్కన పల్సులో దాదాపు 8 పక్కన 15 సున్నాలు పెట్టినన్ని ఫోటాన్లు ఉంటాయి. నేల అందులో 30 శాతాన్ని వెనక్కి చిమ్ముతుందనుకోండి. ఆ వెలుగు ఒక దిక్కుకే పోదు, ఆకాశమంతా పరుచుకుంటుంది. ఉపగ్రహంలో 1 మీటరు వ్యాసమున్న టెలిస్కోప్ పెడితే దాని వైశాల్యం 0.785 చదరపు మీటర్లు. దీన్ని 0.3తో గుణించి, π (3.14)తోనూ 4 లక్షల మీటర్ల వర్గంతోనూ భాగిస్తే సుమారు 2 లక్షల కోట్లలో ఒక వంతు వస్తుంది. అంటే అన్ని ఫోటాన్లలో తిరిగి చేరేవి ఏ 3,700. గాలిలో, అద్దాల్లో, ఫిల్టర్లలో పోయేవి తీసేస్తే వెయ్యి మిగిలితే గొప్ప.

ఇప్పుడు రెండో భాగం. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల అణువులకి 420 పైచిలుకు ఉంది. హవాయిలోని మౌనా లోవా మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు సుమారు 315, పరిశ్రమలు రాకముందు 280. ఇందులో ఒక్క అణువు తేడా పట్టాలంటే పావు శాతం కచ్చితత్వం కావాలి. వెయ్యి ఫోటాన్లు లెక్కపెడితే యాదృచ్ఛికంగా వచ్చే తేడా వెయ్యి వర్గమూలమంత, అంటే 32, అంటే 3 శాతం. అది చాలదు. వెయ్యి పల్సులు కలిపి సగటు తీస్తే 10 లక్షల ఫోటాన్లు, తేడా 0.1 శాతానికి దిగుతుంది. సెకనుకి 50 జతల పల్సులు వదిలే లేజరైతే వెయ్యి జతలకి 20 సెకన్లు పడుతుంది, ఆ లోపు ఉపగ్రహం దాదాపు 140 కిలోమీటర్లు పోతుంది. అంటే ఇచ్ఛాపురం దగ్గర మొదలుపెట్టి శ్రీకాకుళం దాటాకగానీ ఒక్క అంకె రాదు!

నేను మొదట్లో అన్నమాటకి అర్థం ఇక్కడుంది. ఈ దూరం తగ్గించాలంటే లేజర్ బలమైనా పెంచాలి, డిటెక్టర్ పట్టే ఫోటాన్ల వాటానైనా పెంచాలి. బలం పెంచితే ఉపగ్రహంలో ఎక్కువ కరెంటు కావాలి, ఆ వేడిని బయటికి పంపాలి, అద్దాలు దెబ్బతినకుండా చూసుకోవాలి. మంచి డిటెక్టర్‌కి ఆ బాధలన్నీ ఉండవు. సగం ఫోటాన్లు వదిలేసే డిటెక్టర్ పెట్టుకుని లేజర్ మీద డబ్బు పోయడం దండగ.

ప్రశ్న: ఊళ్లలో ఫైబర్ కనెక్షన్లు వేసే పని నాది. మా కేబుల్లో వాడే లేజర్లు కూడా 1.5 మైక్రాన్ల దగ్గరే కదా అన్నా, వాటితో కార్బన్ కొలవలేరా?
– ఫైబర్ టెక్నీషియన్, బొబ్బిలి

జవాబు: మంచి చోట పట్టుకున్నారు తమ్ముడూ. కొలుస్తారు, కొలుస్తున్నారు కూడా. 1.57 మైక్రాన్లని ఎంచుకోవడానికి టెలికాం ఒక పెద్ద కారణం. గాజు ఫైబర్‌లో వెలుగు అతి తక్కువ నష్టంతో పోయేది 1.55 మైక్రాన్ల దగ్గర, అందుకని ప్రపంచమంతా కోట్లాది డాలర్లు పోసి ఆ రంగుకి లేజర్లు, ఎర్బియం కలిపిన ఫైబర్ యాంప్లిఫైయర్లు, ఇండియం గాలియం ఆర్సెనైడ్ డిటెక్టర్లు తయారుచేశారు. మీరు ఇళ్లలో బిగించే పెట్టెలో వచ్చే వెలుగును పట్టేది కూడా సాధారణంగా ఆ పదార్థమే. కార్బన్ డయాక్సైడ్‌కి 1.57 దగ్గర ఒక బలహీనమైన శోషణ పట్టీ ఉండటం మన అదృష్టం.

చైనా 2022 ఏప్రిల్‌లో పంపిన దాచీ-1 ఉపగ్రహంలో కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే లేజర్ పరికరం ఉంది, అంతరిక్షం నుంచి లేజర్‌తో ఈ వాయువును కొలిచిన మొదటి పరికరం అదే, అది వాడేదీ 1.57 ప్రాంతమే. అంతకుముందు పంపిన జపాన్ గోశాట్, 2009 జనవరిది, అమెరికా ఓకో-2, 2014 జూలైది, ఇవి మంచి పరికరాలే. కాకపోతే సూర్యుడి వెలుగు మీద ఆధారపడతాయి. రాత్రి పనిచెయ్యవు, ధృవాల దగ్గర చలికాలమంతా చూడలేవు. రాత్రిపూట చెట్లూ నేలా వదిలే వాయువు సంగతి తెలియాలంటే సొంత వెలుగు పంపే పరికరం కావాలి.

ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. మీ పెట్టెకి ఒకటా సున్నానా అన్నది తెలిస్తే చాలు. ఇక్కడ మాత్రం ఎంత వెలుగొచ్చిందో పావు శాతంలోపు తేడాతో చెప్పాలి. వెలుగు రెట్టింపైతే డిటెక్టర్ ఇచ్చే కరెంటు సరిగ్గా రెట్టింపు కావాలి, 1.99 రెట్లు అయినా ఫలితం చెడుతుంది. ఎందుకంటే పీల్చని రంగు బలంగా వస్తుంది, పీల్చే రంగు నీరసంగా వస్తుంది, ఆ రెంటినీ ఒకే డిటెక్టర్ నిజాయితీగా కొలవాలి. పైగా కింద నేల మారిపోతుంటుంది. వంశధార పొలాల్లో నీళ్లు నిలిచి ఉంటే ఒకలా, కోతలయ్యాక ఎండుగడ్డి మీద ఇంకోలా, సముద్రం మీద మరోలా వెలుగు తిరిగొస్తుంది. అందుకే రెండు పల్సులనీ సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ తేడాతో దాదాపు ఒకే చోట పడేలా వదులుతారు.

ప్రశ్న: 4.3 మైక్రాన్ల దగ్గర శోషణ అంత బలంగా ఉంటే, ఆ బలహీనమైన 1.57తో తంటాలెందుకు?
– ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్, విజయనగరం

జవాబు: 4.3 పట్టీలో గీత (వాయువు గట్టిగా పీల్చే సన్నటి రంగు) నడిమధ్యకి లేజర్‌ని ట్యూన్ చేస్తే మామూలు గాలిలో వెలుగు ఒక మీటరు కూడా దాటదు సార్, కొద్ది సెంటీమీటర్లలోనే చాలావరకు పోతుంది. తిరిగి రావడానికి ఏమీ మిగలదు. అందుకని ఆ రంగు చిన్న దూరాలకే బాగుంటుంది: గదిలో పెట్టే మీటర్లు, ఆపరేషన్ థియేటర్‌లో రోగి వదిలే ఊపిరిని చూసే పరికరాలు. 2.05 దగ్గర గీత నడుమ వెలుగు ఏ కిలోమీటరు దూరంలోనో చాలావరకు పోతుంది, 1.57 దగ్గర శోషణ బలం అందులో ఇంచుమించు పదో వంతే. ఆకాశం మందమంతా చూడాలంటే 1.57 సరిగ్గా సరిపోతుంది. 2.05తో చూడాలంటే గీత మధ్యన కాకుండా దాని పక్క వాలు మీద లేజర్‌ని నిలబెడతారు.

ఆ వాలు మీద నిలబడటంలో గొప్ప లాభం ఉంది. నేలకి దగ్గరగా పీడనం ఎక్కువ, అక్కడి అణువుల గీతలు వెడల్పవుతాయి, దాంతో వాలు మీద పడే వెలుగును ముఖ్యంగా నేలకి దగ్గరి గాలే పీలుస్తుంది. మనకి కావలసింది కూడా అక్కడిదే. పొలాలు, అడవులు, చిమ్నీలు అన్నీ కిందే ఉన్నాయి. పైగా 2.05 ఫోటాన్‌కి శక్తి తక్కువ కాబట్టి అదే జౌల్‌కి 30 శాతం ఎక్కువ ఫోటాన్లు వస్తాయి. శాస్త్రం వైపు నుంచి చూస్తే 2 మైక్రాన్లే మేలు. మరి ఎందుకు ఆలస్యమైంది? డిటెక్టర్ వల్లే, ఎక్కువ భాగం.

ఇండియం గాలియం ఆర్సెనైడ్‌లో ఇండియం 53 శాతం ఉంటే దాని అణువుల అమరిక కింద ఉండే ఇండియం ఫాస్ఫైడ్ పలకతో సరిగ్గా సరిపోతుంది, స్ఫటికం శుభ్రంగా పెరుగుతుంది, 1.7 మైక్రాన్ల దాకా హాయిగా చూస్తుంది. 2 మైక్రాన్లు దాటి చూడాలంటే ఇండియం పెంచాలి, అప్పుడు అమరిక కుదరదు, పొరల మధ్య లోపాలు పుడతాయి, ఆ లోపాల్లోంచి వెలుగు లేకపోయినా కరెంటు కారుతుంది. అమెరికాలో నాసా లాంగ్లీ కేంద్రం 2 మైక్రాన్ల లేజర్ మీద ఏళ్ల తరబడి పట్టువదలకుండా పనిచేసింది. గాలియం ఆంటిమొనైడ్ పలక మీద పెంచిన ఫోటోట్రాన్సిస్టర్లను, అంటే వచ్చిన కరెంటును తమలోనే పెంచి ఇచ్చే వాటిని, అక్కడ ప్రయత్నించారు. 2014లో చిన్న విమానంలో జంట పల్సుల లేజర్‌ని ఎగరేసి కొలిచారు. తర్వాత మెర్క్యురీ కాడ్మియం టెల్లురైడ్ అవలాంచ్ డిటెక్టర్ల వైపు వచ్చారు. దాని గురించి కింది ప్రశ్నలో చెప్తాను. మీ పిల్లలకి సెమినార్ ఇవ్వాలనుకుంటే ఈ 2 మైక్రాన్ల కథే ఇవ్వండి సార్. పదార్థం చేతిలో లేకపోతే మంచి ఆలోచన ఎన్నాళ్లు ఆగుతుందో దాన్ని చూస్తే తెలుస్తుంది.

ప్రశ్న: పాదరసం కలిపిన డిటెక్టర్లంటారు, ద్రవ నైట్రోజన్ చల్లదనంలో ఉంచాలంటారు. అంత చల్లగా ఎందుకు సార్? మామూలు గదిలో పనిచెయ్యదా?
– ఎమ్మెస్సీ ఫిజిక్స్, ఎచ్చెర్ల

జవాబు: ముందు పదార్థం గురించి. మెర్క్యురీ టెల్లురైడ్‌కి గ్యాప్ అసలు లేదు. కాడ్మియం టెల్లురైడ్‌కి 1.5 ఎలక్ట్రాన్ వోల్టులుంది. రెంటినీ ఏ పాళ్లలో కలిపితే ఆ మధ్య గ్యాప్ వస్తుంది, అంటే చూడాల్సిన రంగును బట్టి పదార్థాన్ని తయారుచేసుకోవచ్చు. 1959లో ఇంగ్లండులో మాల్వర్న్ రాడార్ కేంద్రం వాళ్లు దీన్ని బయటపెట్టారు. అరవై ఏళ్లు దాటినా పరారుణ డిటెక్టర్లలో దీని పీట దీనిదే. ఓకో-2లో 1.6, 2.06 మైక్రాన్ల పట్టీలను చూసేది కూడా ఈ పదార్థమే. పాదరసం స్ఫటికంలో బంధమై ఉంటుంది కాబట్టి కారిపోదు. కానీ ఆ బంధం బలహీనం, వేడిచేస్తే పాదరసం లేచిపోతుంది, అందుకే దీన్ని పెంచడం, చిప్‌గా కొయ్యడం చాలా నాజూకైన పని, ఖరీదూ ఎక్కువే.

ఇక చల్లదనం. గ్యాప్ చిన్నదైతే తక్కువ శక్తి ఫోటాన్ కూడా ఎలక్ట్రాన్‌ని లేపగలదు, అదే మనకి కావలసింది. కానీ ఆ చిన్న గ్యాప్‌ని గది వేడి కూడా దాటించేస్తుంది. 27 డిగ్రీల దగ్గర వేడి శక్తి సుమారు 0.026 ఎలక్ట్రాన్ వోల్టులు, 4.3 మైక్రాన్ల డిటెక్టర్ గ్యాప్ 0.29. ఈ రెంటి నిష్పత్తి ఎక్స్‌పొనెన్షియల్‌లో కూర్చుంటుంది కాబట్టి గదిలో లక్షకి ఒకటి రెండు వంతున ఎలక్ట్రాన్లు వాటంతటవే లేస్తుంటాయి. ద్రవ నైట్రోజన్ ఉష్ణోగ్రత మైనస్ 196 డిగ్రీలు, అక్కడ వేడి శక్తి 0.0066కి పడిపోతుంది, ఆ వంతు లెక్కలోకి రానంత చిన్నదవుతుంది. వెలుగు లేకుండా పారే ఈ కరెంటునే డార్క్ కరెంట్ అంటారు. దాని సగటును తీసేయొచ్చు కదా అనిపిస్తుంది, తీసేస్తారు కూడా, కానీ దాని ఎగుడుదిగుడుల్ని తీసేయలేం. రేకుల షెడ్డు మీద వాన పడుతుంటే పక్కన మనిషి మెల్లగా చెప్పేది ఎంత చెవి పెట్టినా వినపడనట్టే, వెయ్యి ఫోటాన్ల సంకేతం ఆ ఎగుడుదిగుడుల్లో కలిసిపోతుంది.

అన్నిటికీ ద్రవ నైట్రోజన్ అక్కర్లేదు. 1.57కి వాడే డిటెక్టర్ గ్యాప్ 0.75, అది గదిలోనో, చిన్న ఎలక్ట్రిక్ కూలర్ మీదనో సర్దుకుంటుంది. ఉపగ్రహాల్లో నైట్రోజన్ పోయలేరు కాబట్టి లోతైన చలికి మెషీన్ కూలర్లు పెడతారు. మన తీరప్రాంతంలో ఇంకో బెడద, తేమ. చల్లటి చిప్ మీద, కిటికీ మీద నీరు చెమర్చితే పరారుణాన్ని ఆ నీరే పీల్చేస్తుంది. అందుకని చిప్‌ని శూన్యం చేసిన పెట్టెలోనో పొడి నైట్రోజన్‌లోనో మూసేస్తారు.

అవలాంచ్ డిటెక్టర్ సంగతి చెప్తానన్నాను కదా. వోల్టేజీ గట్టిగా పెడితే లేచిన ఒక ఎలక్ట్రాన్ పరిగెత్తి ఇంకో ఎలక్ట్రాన్‌ని లేపుతుంది, అవి మరికొన్నిటిని. ఒకటి వందవుతుంది, తర్వాతి యాంప్లిఫైయర్ రొద దాన్ని మింగలేదు. ఇండియం గాలియం ఆర్సెనైడ్‌తో చూసే మామూలు అవలాంచ్ డిటెక్టర్లలో ఎలక్ట్రాన్లూ, అవి వదిలిన ఖాళీలూ రెండూ ఈ పనిలో పడతాయి, దాంతో ఒకసారి 80, ఒకసారి 130 అన్నట్టు లెక్క కుదురుగా ఉండదు, ఆ అస్థిరతే కొత్త రొద. మెర్క్యురీ కాడ్మియం టెల్లురైడ్‌లో మాత్రం దాదాపుగా ఎలక్ట్రాన్లే పెరుగుతాయి, ఖాళీలు ఆ పనిలో పడవు. పెంపకం వల్ల కలిసే అదనపు రొద దాదాపు శూన్యం. నాసా గొడార్డ్ కేంద్రం విమానంలో ఎగరేసిన 1.57 మైక్రాన్ల లైడార్‌లో (లేజర్ పంపి తిరిగొచ్చే వెలుగుతో కొలిచే పరికరాన్ని లైడార్ అంటారు) 16 గళ్ల ఇలాంటి డిటెక్టర్‌ని సుమారు మైనస్ 193 డిగ్రీల దగ్గర నడిపారు. చూశారా, మామూలు టెలికాం డిటెక్టర్ చాలే రంగుకి కూడా పనిగట్టుకుని దీన్నే తెచ్చుకున్నారు. ఒక్కో ఫోటాన్‌ని వదలకుండా లెక్కపెట్టాలంటే ఇంతకన్నా మేలైంది నాకు కనపడదు.

మీరు పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే, మన దేశంలో ఈ పదార్థం మీద ఢిల్లీలోని సాలిడ్ స్టేట్ ఫిజిక్స్ లాబొరేటరీ పనిచేసింది, లైడార్ అయితే తిరుపతి దగ్గర గాదంకిలో ఉంది. ఇంటర్న్‌షిప్‌కి అడగడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: పైనుంచి లేజర్ వేస్తే ఆరుబయట పడుకునే పిల్లల కళ్లకి ప్రమాదం కాదా?
– గృహిణి, ఆమదాలవలస

జవాబు: టెన్షన్ పడకండమ్మా. నేలకి చేరేసరికి ఆ వెలుగు పదుల మీటర్ల వెడల్పున పరుచుకుపోతుంది, కంట్లో పడేది ఏమంత కాదు. పైగా 1.4 మైక్రాన్లు దాటిన వెలుగును కంటి ముందు భాగంలోని నీరే పీల్చేస్తుంది, లోపలి రెటీనా దాకా వెళ్లదు. ల్యాబులో పరికరం నోటి దగ్గర కళ్లు పెట్టేవాళ్లకే జాగ్రత్త కావాలి. జాతరల్లో అమ్మే ఆకుపచ్చ లేజర్ లైట్లు పిల్లల చేతికి ఇవ్వకండి, వాటి వెలుగు నేరుగా రెటీనా మీదకే పోతుంది.

ప్రశ్న: మా ఊరి పక్క ఫ్యాక్టరీల నుంచి రాత్రిళ్లు ఘాటు వాసన. ఈ లేజర్ పెడితే దొరికిపోరా?
– పాఠకుడు, రణస్థలం

జవాబు: కార్బన్ డయాక్సైడ్‌ని కొలిచే లేజర్‌తో దొరకదండీ. దానికి మామూలుగా వాసన ఉండదు. మీకు తగిలేది ద్రావకాలో గంధకపు వాయువులో అయి ఉంటుంది, వాటికి వేరే రంగులు, వేరే పరికరాలు కావాలి. వాసన వచ్చిన తేదీ, సమయం, గాలి ఎటునుంచి వీచింది అన్నవి రోజూ రాసి పెట్టుకుని కాలుష్య నియంత్రణ మండలికి ఆ కాగితంతో పాటు ఫిర్యాదు ఇవ్వండి. ఊళ్లో నలుగురు విడివిడిగా రాస్తే ఇంకా బలం.

ప్రశ్న: తిత్లీ తుపానుకి మా కొబ్బరి, జీడితోటలు పడిపోయాయి. మళ్లీ వేసుకున్నాం. ఈ చెట్లు ఎంత కార్బన్ పీలుస్తున్నాయో శాటిలైట్ లేజర్‌తో కొలిచి డబ్బులిప్పిస్తామని కొందరు తిరుగుతున్నారు. ఈ లేజర్లు గీజర్లు నిజమేనా బాబూ, మాకేటైనా వస్తాదా?
– రైతు, ఉద్దానం

జవాబు: మీ ప్రశ్న చదివి చాలాసేపు ఆలోచించాను. 2018 అక్టోబరులో ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఏం జరిగిందో అందరం చూశాం. అలాంటి చోట మళ్లీ తోట వేసుకున్నవాళ్లకి ఎవరూ తప్పుడు మాట చెప్పకూడదు. కాబట్టి లెక్కతోనే చెప్తాను.

ఒక ఎకరా నేల మీద ఆకాశం కొసదాకా ఉన్న గాలిలో దాదాపు 26 టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. పది లక్షలకి ఒక అణువు తేడా పట్టగల మంచి లేజర్ అంటే ఎకరా మీద 63 కిలోల తేడా పట్టగలదని అర్థం. ఎకరా గట్టు నుంచి గట్టుకి 64 మీటర్లు. సెకనుకి 3 మీటర్ల గాలి దాన్ని 20 సెకన్లలో దాటిపోతుంది. మంచి ఎండలో జోరుగా పెరిగే పంటైనా ఆ 20 సెకన్లలో ఎకరాకి రెండు వందల గ్రాములకి మించి పీల్చడం కష్టం. 63 కిలోలకన్నా తక్కువ తేడా తెలియని తక్కెడతో రెండు వందల గ్రాములు ఎవరు తూచగలరు? పైగా ఆ గాలి మీ తోటది కాదు, పక్క ఊరి నుంచో సముద్రం మీద నుంచో వచ్చింది.

కాబట్టి మీ తోట పీల్చిన వాయువును శాటిలైట్ లేజర్‌తో కొలిచామని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ లేజర్ పెద్ద ప్రాంతాలకి పనికొస్తుంది, తూర్పు కనుమలు, కోస్తా మొత్తం ఒక సీజన్‌లో ఎంత పీల్చాయి, ఎంత వదిలాయి అన్నది, అదీ గాలి ఎటు వీచిందో లెక్కలు కట్టి. ఒక తోటలో నిల్వైన కార్బన్‌ని చెట్టు చుట్టుకొలత, ఎత్తు, చెట్ల సంఖ్య, మట్టి నమూనాలు తీసుకుని లెక్కిస్తారు. కార్బన్ క్రెడిట్లు, అంటే చెట్లు పీల్చినదానికి లెక్కకట్టి డబ్బిచ్చే పద్ధతి, అబద్ధమని నేను అనడం లేదు. ఎవరు కొలుస్తారు, ఎలా కొలుస్తారు, ఎన్నేళ్లకి కట్టుబడాలి, మళ్లీ తుపానొచ్చి చెట్లు పడితే బాధ్యత ఎవరిది, ఈ నాలుగూ తెలుగులో రాసి ఇమ్మనండి. రాసివ్వకుండా ముందే డబ్బు కట్టమన్నా, పాసుపుస్తకం అడిగినా ఇవ్వకండి.

ప్రశ్న: సైన్స్ ఫెయిర్‌కి కార్బన్ డయాక్సైడ్ కొలిచేది చెయ్యాలనుంది. లేజర్ కొనాలా సార్? మా దగ్గర ఎక్కువ డబ్బుల్లేవు.
– తొమ్మిదో తరగతి విద్యార్థిని, రాజాం

జవాబు: లేజర్ వద్దమ్మా. కొన్ని వేల రూపాయల్లో పరారుణ కార్బన్ డయాక్సైడ్ మాడ్యూల్ దొరుకుతుంది. లోపల ఒక చిన్న బల్బు, గాలి ఆడే గొట్టం, 4.26 మైక్రాన్ల రంగును మాత్రమే పోనిచ్చే ఫిల్టర్, దాని వెనక డిటెక్టర్. వాయువు ఎక్కువైతే డిటెక్టర్‌కి చేరే వెలుగు తగ్గుతుంది. 1859లో జాన్ టిండాల్ లండన్‌లో పెద్ద గొట్టంతో చేసిన కొలత సారం ఇదే. ఇందులోని డిటెక్టర్ సాధారణంగా వెలుగు వేడికి స్పందించే రకం, ఫోటాన్లు లెక్కపెట్టే రకం కాదు, అందుకే చవక, చల్లబరచక్కర్లేదు, కాకపోతే నెమ్మది. ఆర్డ్యునో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకి కలిపి అంకెలు చూపించొచ్చు.

మన ఊపిరిలో దాదాపు 4 శాతం, అంటే పది లక్షలకి 40,000, కాబట్టి నేరుగా దానిమీద ఊదకు, మీటరు కొలిచే హద్దు దాటిపోతుంది. తలుపులు మూసిన క్లాసులో పాఠం మొదట్లో, చివర్లో కొలిస్తే వెయ్యి దాటడం చూస్తావు. ఇంకొక్క జాగ్రత్త: చాలా మాడ్యూళ్లు అప్పుడప్పుడు తమకి కనపడిన అతి తక్కువ అంకెనే బయటి గాలి అనుకుని సర్దుకుంటాయి. ఎప్పుడూ గదిలోనే ఉంచితే తప్పు చూపిస్తుంది. సైన్స్ ఫెయిర్ రోజున ఆ సర్దుబాటును ఆపేసి, ముందు ఆరుబయట కాసేపు పెట్టి 420 దగ్గర చూపిస్తుందో లేదో సరిచూసుకో. మీ బడి పక్కన వరిమడి ఉంటే గట్టు మీద తెల్లవారకముందు ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి కొన్ని రోజులు కొలిచి గ్రాఫ్ గీయి. తెల్లవారకముందు అంకె ఎందుకు ఎక్కువ వస్తుందో నువ్వే ఆలోచించి రాసి పంపు, గ్రాఫ్‌తో సహా వేస్తాం.